నిరీక్షణతో గుడారమును విశాలపరచిన విలియం కేరీగారు

మన డయాసిస్ నూరేండ్ల పండుగ జరుపుకొంటున్న ఈ శుభసమయములో, దేవుడు చేసిన మేలులను తలంచుకొని ఆయనను స్తుతించుట మనకు యుక్తము. అయితే వెనుకకు చూచుటతో పాటు ముందుకు చూడవలసిన బాధ్యత కూడ మనపై ఉన్నది. దేవుని రాబోవు రాజ్యమును గూర్చి ప్రవక్తలు పలికిన మాటలను చదివేటప్పుడు మన సంఘములలో రెండు రకములవారు కనిపిస్తారు. కొందరు ఆ ప్రవచనములను పంచాంగము వలె లెక్కవేసి, ఫలానా సంవత్సరములో ఫలానాది జరుగునని కరపత్రములు పంచుతారు. మరికొందరు అది ఎప్పుడో జరుగబోవు సంగతి గనుక నేటి మన కష్టములకు దానితో పని లేదని ఆ పుటలను త్రిప్పివేస్తారు. ఈ రెండు త్రోవలను విడిచి, ప్రవచనమును నమ్మి, ఆ నమ్మికతో లేచి పని చేసిన ఒక దైవజనుని జీవితమును ఇక్కడ వివరించుట మేలని మేము తలంచాము. ఆయనే విలియం కేరీగారు. ఆయన మన తెలుగు నాట నివసించినవారు కాకపోయినా, తెలుగు క్రైస్తవులమైన మనము ఆయనకు ఋణపడి ఉన్నాము.

కేరీగారు 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించారు. తండ్రి ఎడ్మండ్‌గారు మొదట మగ్గము నేసి, తరువాత ఆ ఊరి బడిపంతులు అయ్యారు. పైచదువులు చదివించు స్తోమత ఆ ఇంటికి లేదు. అందువలన కేరీగారు చిన్న వయసులోనే చెప్పులు కుట్టే పనికి కుదిరారు. మన తెలుగు సంఘములలోని తొలి విశ్వాసులలో అనేకులు తోలుపని చేసి బ్రతికినవారే గనుక ఈ సంగతి మనకు పరాయిది కాదు. ఆ పనిచోటనే ఒక తోటి పనివాని సాక్ష్యము ఆయన హృదయమును తాకినది. 1783లో ఆయన బాప్తిస్మము పొందారు. కొంతకాలమునకు మౌల్టన్ అను గ్రామములో ఒక చిన్న బాప్టిస్టు సంఘమునకు కాపరి అయ్యారు. ఇచ్చే జీతము ఇల్లు గడవడానికి చాలక బడి చెప్పేవారు, చెప్పులు కుట్టేవారు. ఆ పనుల నడుమనే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొన్నారు. గోడకు పెద్ద ప్రపంచ పటము అంటించి, ఒక్కొక్క దేశపు జనసంఖ్యను, మతమును దానిపై వ్రాసుకొనేవారు.

ఆ రోజులలో ఆ ప్రాంతపు బాప్టిస్టు కాపరులు దేవుని రాజ్యవ్యాప్తి కొరకు నెలకొకసారి, మొదటి సోమవారము, కూడి ప్రార్థించాలని 1784లో తీర్మానించారు. జెకర్యా ప్రవచనమును ఆధారము చేసికొని జోనాతాన్ ఎడ్వర్డ్స్‌గారు అమెరికాలో వ్రాసిన పుస్తకము వారిని ప్రేరేపించినది. ప్రార్థన జరుగుతూనే ఉన్నది గాని దూరదేశములకు వెళ్లువారు లేరు, పంపువారు లేరు. అన్యజనులు మారుమనస్సు పొందే కాలము ఇంకను రాలేదని కొందరు పండితులు బోధించేవారు. ప్రకటన గ్రంథములోని ఇద్దరు సాక్షులు ముందుగా చంపబడాలి, ఇంకా అనేక ప్రవచనములు నెరవేరాలి, అంతవరకు మనము చేయగలిగినది లేదు అని వారి వాదము. అనగా ప్రవచనమే చేతులు ముడుచుకొని కూర్చొనుటకు సాకు అయినది.

కేరీగారు 1792లో ప్రకటించిన చిన్న పుస్తకములో ఈ వాదమునకు జవాబిచ్చారు. సర్వలోకమునకు వెళ్లుమని ప్రభువు ఇచ్చిన ఆజ్ఞను ఏ ప్రవచనమూ రద్దు చేయలేదని ఆయన చూపించారు. లోకములోని జనులు సుమారు 73 కోట్ల 10 లక్షలని, వారిలో 42 కోట్ల మందికి సత్యదేవుడు తెలియడని దేశముల వారీగా పట్టికలు వేశారు. దూరద్వీపములనుండి తర్షీషు ఓడలు దేవుని బిడ్డలను తెచ్చునని యెషయా 60వ అధ్యాయములో ఉన్నది గదా. వర్తకులు లాభము కొరకు తిరిగే ఓడలు సువార్తకు కూడ ఉపయోగపడాలని ఆయన వాదించారు. బానిసల వ్యాపారమును మాన్పించుటకు ఆనాడు జరుగుచున్న ప్రయత్నమును కూడ రాబోవు రాజ్యమునకు ఒక సూచనగా ఎంచారు.

అదే సంవత్సరము మే నెలాఖరున నాటింగ్‌హామ్ పట్టణములో కాపరుల కూటము జరిగినది. అక్కడ కేరీగారు యెషయా 54వ అధ్యాయమునుండి ప్రసంగించారు. పిల్లలు లేక విడువబడిన స్త్రీతో గుడారమును విశాలపరచుమని, త్రాళ్లు పొడుగు చేయుమని ప్రవక్త చెప్పిన భాగమది. గమనించండి: పిల్లలు పుట్టిన తరువాత గుడారము పెంచుమని దేవుడు చెప్పలేదు, గుడారము ఖాళీగా ఉన్నప్పుడే చెప్పాడు. దేవునినుండి మనము ఏమి ఎదురుచూడాలి, దేవుని కొరకు ఏమి తలపెట్టాలి అనునవే ఆ ప్రసంగములోని రెండు భాగములు. 1792 అక్టోబరు 2న కెటరింగ్‌లో ఒక విధవరాలి ఇంట కొద్దిమంది కూడి మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆనాడు వాగ్దానము చేయబడిన చందా 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు మాత్రమే.

కేరీగారు కుటుంబముతో 1793 నవంబరులో కలకత్తా చేరారు. చేరిన తరువాత కష్టములే ఎదురైనాయి. చేతిలో డబ్బు లేదు. ముద్నాబాటి అను చోట నీలిమందు కార్ఖానా చూచుకొంటూ కుటుంబమును పోషించారు. 1794లో ఐదేండ్ల కుమారుడు పీటర్ జ్వరముతో చనిపోయాడు. సమాధి త్రవ్వుటకు మనుషులు దొరుకుట కూడ కష్టమైనది. మొదట ఈ ప్రయాణమునకు ఇష్టపడని భార్య డొరొతీగారు ఆ దుఃఖము తరువాత మతిస్థిమితము కోల్పోయి, 1807లో మరణించువరకు కోలుకోలేదు. ఆ తల్లి చెల్లించిన మూల్యమును మరచి కేరీగారిని మాత్రమే పొగడుట న్యాయము కాదు. ఏడు సంవత్సరములు గడిచినా ఒక్క బెంగాలీ హిందువు కూడ బాప్తిస్మము పొందలేదు. గుడారము ఖాళీగానే ఉన్నది. అయినను ఆయన త్రాళ్లు విప్పుకొని వెళ్లిపోలేదు.

1800లో ఆయన డేనిష్ వారి పాలనలోని సేరంపూరు చేరి, మార్ష్‌మన్, వార్డ్ అను సహోదరులతో కలిసి పనిచేశారు. ఆ సంవత్సరము డిసెంబరు 28న కృష్ణపాల్ అను వడ్రంగి హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందాడు. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చయినది. క్రమముగా సుమారు 40 భాషలలో లేఖన భాగములు అక్కడ ముద్రింపబడ్డాయి.

1812 మార్చి 11వ తేదీ సాయంత్రము ముద్రణాలయము అగ్నికి ఆహుతి అయినది. కేరీగారు అప్పుడు కలకత్తాలో ఉన్నారు. అనేక భాషల అనువాదముల ప్రతులు, అచ్చు అక్షరములు, ఎన్నో ఏండ్లు శ్రమించిన నిఘంటువు, వాటితోపాటు ఆయన వ్రాసిన తెలుగు వ్యాకరణము కాలిపోయినవి. అచ్చు యంత్రములు, అక్షరములు పోతపోసే మూసలు మాత్రము మిగిలాయి. కేరీగారు మరల మొదటినుండి కూర్చొని వ్రాశారు. 1814లో ఆ తెలుగు వ్యాకరణము వెలువడినది. 1818లో సేరంపూరు తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది. నేడు మన చేతులలో ఉన్న బైబిలు ఆ అనువాదము కాదు. దాని భాష తరువాతివారికి తృప్తినివ్వలేదు; ఇతరులు మరల అనువదించారు. కేరీగారి పని నిలువలేదు గాని, ఆయన ఎదురుచూచినది జరిగినది. తెలుగువారు తమ భాషలో ప్రభువు మాట వింటున్నారు.

దేవుని ఏలుబడి అనగా ఆత్మల సంగతి మాత్రమేనని కేరీగారు తలంచలేదు. భర్త చితిపై విధవరాండ్రను దహించు సతీసహగమనమును మాన్పవలెనని అనేక సంవత్సరములు ప్రభుత్వమునకు విన్నవించారు. దానిని నిషేధించు శాసనము 1829 డిసెంబరులో ఆదివారము ఉదయము బెంగాలీ అనువాదము కొరకు ఆయన చేతికి వచ్చినది. ఒక్క గంట ఆలస్యమైనా ఒక ప్రాణము పోవచ్చునని, ఆనాటి ప్రసంగమును మరొకరికి అప్పగించి, సాయంత్రమునకు అనువాదము ముగించారు. ఏ హానియు ఉండని పర్వతమును గూర్చి యెషయా 11వ అధ్యాయము చెప్పుచున్నది. ఆ దినమును నిరీక్షించువాడు నేడు జరుగు హానిని చూచి ఊరకుండలేడు.

1834 జూన్ 9న, 72 ఏండ్ల వయసున, కేరీగారు సేరంపూరులో ప్రభువునందు నిద్రించారు. ఆ ముగ్గురు సహోదరులు 1818లో స్థాపించిన కళాశాల పేరట నేటికీ మన దేశములోని వేదాంత విద్యార్థులు అనేకులు పట్టాలు పొందుతున్నారు.

ప్రియ సహోదరీ సహోదరులారా, సర్వలోకము ప్రభువును తెలిసికొను దినమును కేరీగారు కన్నులార చూడలేదు. మనమును ఇంకను చూడలేదు. ఆ దినము ఎప్పుడు వచ్చునో లెక్కించు పని దేవుడు మనకు అప్పగించలేదు. ఆ దినము తప్పక వచ్చునన్న నిశ్చయతనే ఇచ్చాడు. ఆ నిశ్చయత ఉన్నవాడు కాలిపోయిన పుటలను తిరిగి వ్రాయగలడు. మన గ్రామసంఘములలో కొన్ని నేడు క్షీణించి ఉన్నవి. యౌవనులు పనుల కొరకు పట్టణములకు పోగా, వృద్ధులే మిగిలిన మందిరములు ఉన్నవి. వాటిని చూచి అధైర్యపడవద్దు. అక్కడ ఆదివారపు బడిని మరల తెరుద్దాము, విధవరాండ్రను పరామర్శిద్దాము, చదువురాని వారికి లేఖనము చదివి వినిపిద్దాము. ప్రవచనమును నమ్ముట అనగా ఇదియే. రెండవ నూరేండ్లలో మన గుడారపు త్రాళ్లను పొడుగు చేయుటకు ప్రభువు మనకు కృప దయచేయును గాక.