థగ్గుల కథకుడు మెడోస్ టైలరు

హైదరాబాదు నగరము 1591వ సంవత్సరమున కుతుబ్ షాహీ వంశపు సుల్తాను మహమ్మద్ కులీ చేత మూసీనదికి దక్షిణపు గట్టున నిర్మింపబడినది. పాతబస్తీకి నడుబొడ్డున చార్మినారును, దానికి చేరువనే మక్కామసీదును గలవు. ఇచ్చటి ముత్యముల అంగళ్లను, గాజుల దుకాణములను చూచి ఆనందించువారు అసంఖ్యాకులు. కాని ఈ వీధులు ఒకప్పుడు ఒక భయంకరమైన నవలలో చోటుచేసికొన్నవనియు, ఆ నవల కొరకు ఇంగ్లండు రాణి సహితము ఆతురతతో ఎదురుచూచెననియు ఎరిగినవారు కొలదిమంది మాత్రమే. ఆ నవలను రచించినవాడు ఫిలిప్ మెడోస్ టైలరు. అతడు యౌవనము మొదలు ముప్పదియైదేండ్లకు పైగా నిజాము రాజ్యముతో అనుబంధము గలిగి పనిచేసిన ఆంగ్లేయుడు.

టైలరు 1808వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన లివర్‌పూల్ నగరమున జన్మించెను. తండ్రి వర్తకుడు. వ్యాపారమున నష్టములు వచ్చుటచే కుటుంబము ఇబ్బందుల పాలయ్యెను. అందుచేత కుమారుడు చిన్ననాటనే చదువు మాని జీవనోపాధిని వెదకికొనవలసి వచ్చెను. బొంబాయిలోని ఒక వర్తకుని కడ పని కుదిరినదని నమ్మి, 1824లో ఆ పదునైదేండ్ల బాలుడు ఓడ యెక్కెను. తీరా బొంబాయి చేరిన పిమ్మట ఆ వ్యాపారము క్షీణించి యున్నదని తేలెను. దూరదేశమున దిక్కుతోచక యున్న ఆ తరుణమున ఒక బంధువు సాయపడి, నిజాము సైన్యమున చిన్న ఉద్యోగము ఇప్పించెను. అప్పటికి టైలరునకు పదునారేండ్లు నిండినవి.

నిజాము సైన్యములోని ఆంగ్లేయులకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు గల పలుకుబడి లేకుండెను. కావున టైలరు తన శక్తినే నమ్ముకొనెను. ఉద్యోగమున చేరినది మొదలు భాషాభ్యాసమునకు పూనుకొని, హిందూస్థానీ, పారశీకము, మరాఠీ మున్నగు భాషలను నేర్చెను. దుబాసీల సాయము లేకుండ ప్రజలతో మాటలాడగలిగెను. రైతులు, వర్తకులు, సిపాయీలు తమ గోడును తిన్నగా అతనికే చెప్పుకొనుచుండిరి. హైదరాబాదులో పేరుమోసిన సాహుకారు విలియం పామరు కుమార్తె మేరీని అతడు వివాహమాడెను. పామరు తండ్రి ఆంగ్లేయుడు. తల్లి ఈ దేశపు ముస్లిం స్త్రీ. ఈ సంబంధము వలన నగరములోని గొప్ప కుటుంబముల ఆచార వ్యవహారములు టైలరునకు మరింత సుపరిచితము లయ్యెను.

ఇరువదేండ్లు నిండకముందే టైలరు రాజ్యపు నైరుతి జిల్లాలలో పోలీసు అధికారిగా నియమింపబడెను. ఆ రోజులలో రైళ్లు లేవు. వర్తకులును, యాత్రికులును, సెలవుపై ఇంటికి పోవు సిపాయీలును కాలినడకనో, గుఱ్ఱములపైననో వారములు, నెలలు ప్రయాణము చేయుచుండిరి. దారిలో దొంగల భయముండుటచే తోడు దొరకినచో సంతోషించుచుండిరి. ఈ భయమునే ఆధారము చేసికొని కొన్ని ముఠాలు బ్రతుకుచుండెను. వారికే థగ్గులని పేరు. వారు మంచి దుస్తులు ధరించి, మర్యాదగా పలుకరించి, బాటసారులతో స్నేహము చేయుదురు. కొన్ని దినములు కలిసి నడచి, కలిసి భుజింతురు. పిదప నిర్జన ప్రదేశమున నాయకుడు సంకేతము చేయగానే, రుమాలును మెడకు బిగించి చంపుదురు. ముందుగానే త్రవ్వి యుంచిన గోతులలో శవములను పూడ్చి, సొమ్ముతో ముందునకు సాగిపోవుదురు. చనిపోయినవారి బంధువులు నెలల తరబడి ఎదురుచూచుటయే గాని, ఏమి జరిగినదో తెలిసికొను మార్గమే యుండెడిది కాదు.

1829లో తన జిల్లాలోని బాటల ప్రక్కన మృతదేహములు బయటపడుచున్నవని టైలరు వినెను. ఆ హత్యల గుట్టు తెలిసికొనగోరి విచారణ ఆరంభించెను. కాని అది కొలిక్కి రాకముందే తిరిగి సైన్యమున చేరవలసినదని ఉత్తర్వు వచ్చెను. కొలది కాలమునకు ఉత్తరమున స్లీమన్ అను కంపెనీ అధికారి థగ్గుల ముఠాలను పట్టుకొని ప్రసిద్ధి గాంచెను. ఇంకను కొంతకాలము తన్ను అచ్చటనే ఉండనిచ్చియున్నచో ఆ రహస్యమును తానే ముందుగా బయటపెట్టి యుందునని టైలరు వృద్ధాప్యమున గూడ తలచుకొని చింతించెను.

అయినను ఆ కథ అతనిని విడువలేదు. పట్టుబడిన థగ్గులలో కొందరు ప్రాణభిక్ష పొంది, అప్రూవర్లుగా మారి, తమ తోటివారి పేర్లు చెప్పుచుండిరి. 1832లో అట్టివారిని కొందరిని సాగరు నుండి నిజాము రాజ్యమునకు తీసికొని వచ్చిరి. వారిలో ఒకడు 719 హత్యలలో పాలుగొనినట్లు ఒప్పుకొనెనని టైలరు తన గ్రంథపు పీఠికలో వ్రాసెను. ఆ మనుష్యుడు చూచుటకు క్రూరుడు కాడు. మృదుభాషి, సభ్యత యెరిగినవాడు. అట్టివాడు ఆ ఘోరములనెల్ల పశ్చాత్తాపము లేకుండ వర్ణించుచుండగా వినుట యువకుడైన టైలరునకు మరచిపోరాని అనుభవ మయ్యెను. మొదట అతడు థగ్గులను గూర్చి ఒక వ్యాసమును వ్రాసి ఇంగ్లండునకు పంపెను. ఆనాటి ప్రసిద్ధ నవలాకారుడైన బుల్వర్ లిట్టన్ దానిని మెచ్చుకొనెను. ఆ ప్రోత్సాహముతో టైలరు నవలా రచనకు పూనుకొనెను.

ఆ నవల పేరు కన్‌ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్; అనగా ఒక థగ్గు ఒప్పుకోలు. కథానాయకుడు అమీర్ అలీ. అతడు పసివాడై యున్నపుడే థగ్గులు అతని తల్లిదండ్రులను చంపుదురు. ముఠా నాయకుడైన ఇస్మాయిల్ ఆ బిడ్డను చంపక, తన కొడుకువలె పెంచును. పెంచినవాడే తన తల్లిదండ్రులను చంపినవాడని ఎరుగక అమీర్ అలీ అతని వృత్తినే అవలంబించును. ముఠా హైదరాబాదునకు వచ్చినపుడు చార్మినారు, మక్కామసీదు, మొహర్రము దినములలో దివిటీల వెలుగున సాగు ఊరేగింపు పాఠకుని కన్నులకు కట్టును. అంతటి జనసమ్మర్దమున, అంతటి వెలుగున, పక్కన నడచువాడు ఎవరో తెలియకుండుటయే ఆ ఘట్టములోని భయము. అమీర్ అలీ తన చేతులతో తెలియక చేసిన మహాపాతకము ఏదియో నవలను చదివియే తెలిసికొనవలెను.

1839లో ఈ నవల లండనులో మూడు సంపుటములుగా వెలువడెను. టైలరు అప్పుడు సెలవుపై స్వదేశమున నుండెను. అతని పేరు అంతకుముందు అచ్చటి పాఠకులకు తెలియదు. సింహాసన మెక్కి రెండేండ్లైన విక్టోరియా రాణికి అప్పుడు ఇరువదేండ్లు. ఆమె ఈ నవలను గూర్చి విని, పుస్తకము పూర్తి యగువరకు ఆగలేక, అచ్చుకాగితములు దిద్దబడినవి దిద్దబడినట్లు తనకు పంపవలసినదని కోరెను. నవల వెలువడిన పిమ్మట టైలరు పేరు లండనులో మారుమ్రోగెను. థగ్ అను మాట ఆంగ్లమున స్థిరపడుటకు ఈ గ్రంథమును ఒక కారణము.

ఆ కాలపు పాఠకులకు భయానక కథలు క్రొత్త కావు. పాడుపడిన కోటలును, అర్ధరాత్రమున తిరుగు దయ్యములును గల నవలలు ఇంగ్లండున వెనుకటినుండియు ఉండెను. టైలరు నవలలో దయ్యము లేదు. మంచిమాటలాడు తోడు ప్రయాణికుడే ఇందు భయకారణము. పైగా ఈ కథను హంతకుడే తన నోట చెప్పును. అతని చాతుర్యమునకు ముగ్ధుడైన పాఠకుడు, కొంతసేపటికి తాను ఎవనిని మెచ్చుకొనుచున్నాడో గుర్తించి ఉలికిపడును. మొదటి పుటలలోనే ఈ అనుభవము పొందినవారు ఆ రచయితను మరువలేకపోయిరి.

అయితే ఈ నవల వలన ఒక కీడును జరిగెను. భారతదేశమును ఎన్నడును చూడని ఆంగ్లేయులనేకులు, ఈ దేశమున ప్రతి బాటయు హంతకులతో నిండియున్నదని భావించిరి. నేటి చరిత్రకారులు మరియొక సంగతి చెప్పుచున్నారు. థగ్గులను గూర్చి మనకు తెలిసినదానిలో పెద్దభాగము అప్రూవర్ల వాంగ్మూలముల నుండి వచ్చినది. తమ ప్రాణములు దక్కించుకొనుటకు చెప్పిన మాటలలో సత్యమెంత, కల్పన యెంత యని విచారింపవలసి యున్నదని వారి అభిప్రాయము. దారిదోపిడులును, హత్యలును జరిగినమాట నిజమే. కాని కంపెనీ అధికారులు చెప్పిన రూపమే సంపూర్ణ సత్యమని నమ్మరాదు.

సెలవు ముగించుకొని వచ్చిన టైలరు 1841లో సురపురము అను చిన్న సంస్థానమునకు పంపబడెను. అది నేటి కర్ణాటకములోని యాదగిరి జిల్లాలో నున్నది. అచ్చటి రాజు వెంకటప్ప నాయకుడు అప్పటికి చిన్న బాలుడు. టైలరు పండ్రెండేండ్ల పాటు సంస్థానపు పాలనను చక్కబెట్టుచు, బాలుని విద్యాబుద్ధులను గూడ కనిపెట్టి చూచెను. బాలుడు అతనిని అప్పా యని పిలుచుచుండెను. ప్రజలు మహదేవ బాబా యని పిలిచిరి. 1853లో రాజ్యభారమును యువకుడైన రాజునకు అప్పగించి టైలరు వేరొకచోటికి పోయెను.

1857లో దేశమున గొప్ప తిరుగుబాటు చెలరేగెను. 1858 ఆరంభమున వెంకటప్ప నాయకుడును ఆంగ్లేయులపై ఆయుధము పట్టి ఓడిపోయెను. కొలదిమంది అనుచరులతో హైదరాబాదునకు వచ్చి, నగరపు బజారులో పట్టుబడెను. టైలరు చెరసాలకు పోయి అతనిని చూచెను. అతనిని ప్రేరేపించినవారి పేర్లు చెప్పినచో శిక్ష తగ్గునేమో యని ఆశించి, ఉన్నదున్నట్లు చెప్పుమని బోధించెను. ఆ యువకుడు ఎవ్వరి పేరును చెప్పుటకు ఒప్పుకొనలేదు. ప్రాణము కొరకు వేడుకొనుటకును ఇష్టపడలేదు. మొదట విధింపబడిన మరణశిక్ష క్రమముగా తగ్గింపబడి, నాలుగేండ్ల కారాగారవాసముగా మారెను. కాని కారాగారమునకు పోవుచు మార్గమధ్యమున తుపాకి గుండు తగిలి అతడు మరణించెను. ఆ వార్త టైలరును క్రుంగదీసెను. నేడు కన్నడదేశమున ఆ రాజును స్వాతంత్ర్యయోధునిగా స్మరించుచున్నారు.

1860లో టైలరు ఉద్యోగమును విడిచి స్వదేశమునకు పోయి, శేషజీవితమును రచనలోనే గడపెను. తారా, రాల్ఫ్ డార్నెల్, సీతా అను మూడు నవలలలో 1657, 1757, 1857 సంవత్సరముల నాటి భారతదేశమును చిత్రించెను. వీనియందు ఈ దేశపు స్త్రీపురుషుల ధైర్యమును, శీలమును గౌరవముతో వర్ణించెను. థగ్గుల నవల చదివి ఈ దేశమునకు భయపడినవారికి ఇవి మరియొక ముఖమును చూపినవి. కొంతకాలమునకు అతని కంటిచూపు మందగించెను. అయినను 1875లో, ప్రధానమంత్రి సాలార్ జంగు ఆహ్వానముపై, హైదరాబాదును తిరిగి దర్శించెను. అచ్చట జబ్బుపడి, స్వదేశమునకు మరలిపోవుచు 1876 మే 13వ తేదీన ఫ్రాన్సులోని మాంతో పట్టణమున మరణించెను. అతని ఆత్మకథ మరుసటి యేడు వెలువడెను.

టైలరు నవల తెరచినవారు మొదట కథలోని భయమునకే ఆకర్షితులగుదురు. అంతతో ఆగక అతని ఆత్మకథను గూడ చదువుట మేలు. నవలలోని అమీర్ అలీ తోటివారి గుట్టు బయటపెట్టి తన ప్రాణమును కాపాడుకొనెను. ఆత్మకథలోని సురపురపు యువకుడు తన కన్నతండ్రివంటి వాడు అడిగినను ఒక్క పేరైనను చెప్పలేదు. ఆ యిరువురి కథలను చెవులార విని మనకందించినవాడు ఒక్కడే.