కీర్తిశేషులు పుచ్చలపల్లి సుందరయ్యగారు

మన నెల్లూరు జిల్లాలో జన్మించి దేశమంతట పేరెన్నికగన్న వారిలో పుచ్చలపల్లి సుందరయ్యగారొకరు. వీరు 1913 మే 1వ తేదీన పెన్నకు ఉత్తరముననున్న అలగానిపాడు గ్రామమున, కలిగిన రైతు కుటుంబమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. 1930లో మదరాసున కళాశాల చదువు విడిచి, పదునేడవ యేట సత్యాగ్రహమున పాల్గొని, బోర్స్టల్ పాఠశాలలో శిక్ష ననుభవించిరి.

అది ఆర్థికమాంద్యపు కాలము. 1929లో అమెరికాలో తలయెత్తిన ఆ విపత్తు మన కళ్లములను సైతము తాకెను. ధాన్యపు ధర ఇంచుమించు సగమునకు దిగజారెను. అప్పుపత్రములోని రూపాయలు మాత్రము తగ్గలేదు. మునుపు ఒక పుట్టి అమ్మి తీర్చు బాకీకి రెండు పుట్లు అమ్మవలసివచ్చెను. పెన్న కాలువల క్రింది మాగాణి రైతులకే యిట్లుండగా, వాననే నమ్ముకొన్న ఉదయగిరి, ఆత్మకూరు మెట్టసీమల మాట వేరుగ చెప్పనేల? రైతు కుంగిన కూలివానికి పని యెక్కడిది?

సుందరయ్యగారికి స్వగృహమున కొరత లేదు. అయినను ఇరువదేండ్ల ప్రాయమున కన్నులారా చూచిన లేమి వారి మార్గమును నిర్ణయించెను. దొరతనము మారిన చాలునా, భూమియు అప్పును ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్న వారిని వెన్నాడెను. స్వగ్రామమున వ్యవసాయ కూలీలను సంఘటితపరచి, అంటరానితనము నెదిరించిరి. అమీర్ హైదర్ ఖాన్ సాంగత్యమున కమ్యూనిస్టు ఉద్యమమున చేరిరి. 1936లో అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలో ఒకరైరి.

ఇది వీరొక్కరి కథ కాదు. 1914లో జన్మించిన చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్యగారలును ఆ దినములలోనే ఆ దారి పట్టిరి. 1913లోనే పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు కాంగ్రెసుననే నిలిచిరి. కావున కష్టకాలము అందరి నొకే పక్షమునకు నడపదు. కాని రైతు ఋణమను ప్రశ్నను ఏ పక్షమును త్రోసివేయలేకపోయెను. మదరాసులో రాజాజీ ప్రభుత్వము 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును చేయుటయే యిందుకు నిదర్శనము.

పిమ్మట సుందరయ్యగారు అజ్ఞాతవాసమును, కారాగారమును చవిచూచిరి. పిత్రార్జితమును పార్టీకి సమర్పించిరి. 1952లో రాజ్యసభకు ఎన్నికై సైకిలుపై సభకు వెళ్లుచుండిరి. 1955లో శాసనసభ్యులైరి. 1964 నుండి 1978 వరకు మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగ నుండి, 1985 మే 19న కీర్తిశేషులైరి.

వీరి సిద్ధాంతమును అంగీకరింపనివారు సైతము వీరి నిరాడంబరతకు చేతులెత్తి నమస్కరించిరి. యౌవనమున చూచిన పరుల ఆకలిని, పదవి వచ్చిన పిమ్మటను మరువకుండుట అందరికిని సాధ్యమగునది కాదు. మన గ్రంథాలయమునకు వచ్చు యువకులు వీరి జీవితమున ముఖ్యముగ గ్రహింపదగినది ఇదియే.