క్రిస్మసుకు ముందటి కానుక



డిసెంబరు మాసము వచ్చినది. వరికుప్పలు నూర్చుచున్నాము. గుడికి సున్నము వేయుట, నక్షత్రము కట్టుట, పిల్లలకు క్రొత్త బట్టలు తీయుట గూర్చి ప్రతి యింటను మాటలాడుకొనుచున్నారు. ఇవన్నియు సంతోషమైనవే. అయితే ఈ ఖర్చులన్నియు తీరిన తరువాత మిగిలిన చిల్లర మాత్రమే కానుక సంచిలో పడుట మనకు వాడుకయైనది. మీతోపాటు నేనును ఈ తప్పులో ఉన్నాను. దీనిని గూర్చి ఆలోచించుటకు లాటీ మూన్ అమ్మగారి జీవితము మనకు సహాయపడును.

ఆమె 1840 డిసెంబరు 12వ తేదీన అమెరికాలోని వర్జీనియాలో పుట్టెను. ఆ కుటుంబమునకు విస్తారమైన పొలములును, ఆ కాలపు దురాచారము చొప్పున ఆ పొలములలో పనిచేయు బానిసలును ఉండిరి. చదువుకొను దినములలో ఆమెకు భక్తి యనిన పరిహాసమే. 1858లో ఉజ్జీవ కూటములకు ఎగతాళి చేయుటకై వెళ్లి, తిరిగి వచ్చి నిద్ర పట్టక ప్రార్థించి, మారుమనస్సు పొందెను. 1861లో ఎమ్.ఏ. పట్టము పుచ్చుకొనెను. ఆ దినములలో అక్కడి స్త్రీలలో అంత చదివినవారు బహు కొద్దిమంది. కొంతకాలము ఉపాధ్యాయినిగా పనిచేసి, 1873లో చీనా దేశమునకు బాప్టిస్టు మిషనెరీగా వెళ్లెను.

షాన్‌టుంగ్ రాష్ట్రమందలి టెంగ్‌చౌ పట్టణములో ఆమె ఆడపిల్లలకు బడి నడిపెను. అక్కడి జనులు పరదేశులను దయ్యములని పిలుచుచుండిరి. పిల్లలు ఆమెను చూచి జడిసి పారిపోవుచుండిరి. ఆమె తియ్యని బిస్కత్తులు కాల్చి వారికి పెట్టసాగెను. బిస్కత్తులవలన పిల్లలును, పిల్లలవలన తల్లులును దగ్గరకు వచ్చిరి. 1885లో ఆమె లోపలి ప్రాంతమైన పింగ్‌టూకు ఒంటరిగా వెళ్లి, ఆ దేశపు దుస్తులు ధరించి, ఊరూర తిరిగి వాక్యము చెప్పెను. 1887లో షాలింగ్ అను గ్రామమువారు తమకు బోధించుమని ఆమెను వెదకుకొనుచు వచ్చిరి. 1889లో అక్కడ సంఘము స్థాపింపబడెను.

వినువారు అనేకులు, చెప్పునది ఆమె ఒక్కతె. స్వదేశమునకు పోయి విశ్రాంతి తీసికొనవలసిన కాలము దాటిపోయినను, ఆ పనిని విడిచిపెట్టి పోలేకపోయెను. తోడు పంపుమని మాటిమాటికి ఉత్తరములు వ్రాసెను. 1887లో స్వదేశపు స్త్రీలకు ఒక సలహా పంపెను. క్రిస్మసుకు ముందటి వారమును ప్రార్థనకును కానుకకును ప్రత్యేకించుడని దాని భావము. క్రీస్తు పుట్టుకను జ్ఞాపకము చేసికొని బంధుమిత్రులకు బహుమానములు ఇచ్చు ఆ దినములలోనే, ఆయన పేరు ఎరుగని వారికి కూడ కొంత ప్రత్యేకించుట న్యాయమని ఆమె తలంచెను.

1888లో స్త్రీల మిషనెరీ సమాజము ఏర్పడి, ఆ సలహాను చేపట్టెను. ఇద్దరిని పంపుటకు 2,000 డాలర్లు కావలెనని కోరగా, 3,300 డాలర్లకు పైగా వచ్చెను. ముగ్గురిని పంపుటకు అది చాలెను.

ప్రియులారా, ఆమె అడిగినది పండుగకు ముందటి వారము. పండుగ గడచిన తరువాత ఇచ్చునది మిగులు. ముందుగా తీసి ఉంచునది కానుక. దేవాలయపు పెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలు ఇంటి ఖర్చులు తీరువరకు ఆగియుండినయెడల, వేయుటకు ఆమెయొద్ద ఏమియు ఉండకపోవును.

1911, 1912 సంవత్సరములలో చీనాలో గొప్ప కరువు వచ్చెను. మిషను అప్పులలో ఉన్నందున తగినంత సహాయము రాలేదు. ఆమె తన సొమ్ము కరువు సహాయమునకు ఇచ్చివేసెను. జనుల బాధ చూచి ఆమె మనస్సు కృంగెను, దేహము క్షీణించెను. తోడివారు ఒక నర్సును తోడిచ్చి ఆమెను ఓడమీద స్వదేశమునకు పంపిరి. ఆ ఓడ జపానులోని కోబే రేవులో ఉండగా, 1912 డిసెంబరు 24వ తేదీన, క్రిస్మసుకు ముందటి దినమున, 72 ఏండ్ల వయస్సున ఆమె ప్రభువునందు నిద్రించెను.

1918లో ఆ క్రిస్మసు కానుకకు ఆమె పేరు పెట్టిరి. నేటికిని అది ఆ పేరుననే ఎత్తబడుచున్నది. మంచిదే. అయినను ఒక మాట నా మనస్సును గ్రుచ్చుచున్నది. ఆమె బ్రతికియుండి తోడు పంపుమని వ్రాసినప్పుడు అనేక సంవత్సరములు ఆ ఉత్తరములకు తగిన జవాబు రాలేదు. చనిపోయినవారిని పొగడుట సులభము. బ్రతికియున్నవారికి వేళకు ఇచ్చుట కష్టము.

మన ఊరిలోనే ఈ దినమున ఎవరున్నారు? ఈ సంవత్సరము భర్తను పోగొట్టుకొన్న సహోదరి యున్నది. మంచము పట్టిన ముసలివారున్నారు. పంట పోయి అప్పులపాలైనవారున్నారు. మన పండుగ పాట దూరమునుండి వినుటయే గాని, మన గుమ్మము త్రొక్కమని ఎన్నడును పిలువబడని పొరుగువారున్నారు. కుప్ప నూర్చినప్పుడు మొదటి కుంచము తీసి ఉంచుడి. వంట బియ్యములో దినమునకు గుప్పెడు ప్రక్కన పోయుడి. బట్టల అంగడికి పోకమునుపే, ఈ సారి ఎవరి ఇంటికి ఏమి తీసికొని పోవలెనో భార్యాభర్తలు కూర్చుండి ప్రార్థించి నిర్ణయించుకొనుడి. పండుగకు ముందుగానే స్వయముగా పోయి, వారి చేతికిచ్చి, వారితో కూర్చుండి ప్రార్థన చేసి రండి.

దేవుడు తన కుమారుని మనకు ఇచ్చినప్పుడు మిగిలినది ఇయ్యలేదు. మనమును అట్లే ఇచ్చుటకు ఆయన మనకు సహాయము చేయును గాక. ఆమేన్.