ఒంగోలు క్లౌదొరగారు

జాన్ ఎవరెట్ క్లౌదొరగారు 1866వ సంవత్సరమున ఒంగోలు చేరిరి. ఆ కాలమున నది నెల్లూరు జిల్లాలోనిది. ఆయనవలనఁ గ్రైస్తవులైన మాదిగలు ఆదివారము వెట్టికిఁ బోమనియు, జాతరలలో డప్పు కొట్టమనియు, చచ్చిన పశువుల మాంసము ముట్టమనియు నిశ్చయించుకొనఁగా గ్రామపెద్దలు వారిని పెక్కువిధముల హింసించిరి. పగవారిని క్షమింపుఁడని దొర చెప్పుట సులభము. దెబ్బలు తినువారు మాదిగలు గదా యని మాకుఁ దోఁచుచుండును.

అయితే 1876లో మహాక్షామము వచ్చెను. సముద్రతీరమునఁ ద్రవ్వుచుండిన బకింగుహాము కాలువలోఁ గొన్నిమైళ్ల పనిని క్లౌగారు గుత్తకుఁ దీసికొని వేలకొలఁది జనులకుఁ గూలి యిచ్చిరి. కూలికి వచ్చినవానిని కులమేమి, మతమేమి యని యడుగలేదు. హింసించిన కులములవారికిని ఆ గట్టున నడ్డు లేకుండెను. అంతకన్న నరుదైన విషయ మొకటి గలదు: అన్నమునకై మతము మార్చుకొందురేమో యని యా కఱవుదినములలో బాప్తిస్మ మిచ్చుట మానిరి. మేము బాప్తిస్మమును ముక్తిద్వారముగా నెంచము. ఈ నిగ్రహమును మాత్రము మెచ్చుచున్నాము. పిదప 1878 జూలై 3వ తేదిని గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

దొరగారు 1910లో గతించిరి. ఆయన చరిత్ర గ్రంథస్థమైనది. హింసకు నిజముగా నోర్చినవారిలో ఎఱ్ఱగుంట్ల పేరయ్యవంటి కొందఱి పేళ్లే నిలిచినవి.