మస్తిష్క వైద్య మార్గదర్శి – వాల్టర్ డాండీ

పసిబిడ్డ తల దినదినమూ పెరిగిపోతూ, కనుపాపలు కిందికి వాలి, నుదుటిపై చర్మం పలచబడి నరాలు ఉబ్బి కనిపించే వ్యాధి ఒకటి ఉన్నది. దానిని తలలో నీరు చేరడమని జనం చెప్పుకొంటారు. వైద్యులు హైడ్రోసెఫలస్ అంటారు. ప్రాచీన గ్రీకు వైద్యులు కూడా దీనిని ఎరుగుదురు. అయినా ఇరవయ్యో శతాబ్దారంభం వరకు ఆ నీరు ఎక్కడ పుట్టి ఏ దారిన పోతున్నదో, ఎందుకు నిలిచిపోతున్నదో నిర్ధారించి చెప్పగలిగినవారు లేరు. సూదితో నీటిని తీసేవారు. అది మళ్ళీ చేరేది. ఈ చిక్కుముడిని విప్పినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశపు శస్త్రవైద్యుడు వాల్టర్ ఎడ్వర్డ్ డాండీ.

డాండీ 1886 ఏప్రిల్ 6న మిస్సోరీ రాష్ట్రంలోని సెడేలియా పట్టణంలో జన్మించాడు. తండ్రి ఇంగ్లండు నుండి, తల్లి ఐర్లండు నుండి వలస వచ్చినవారు. తండ్రి రైలింజను నడిపేవాడు. సామాన్య కుటుంబం, చదువులో మాత్రం ఆ బాలుడు అసామాన్యుడు. 1907లో మిస్సోరీ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో నేరుగా రెండవ సంవత్సరంలో ప్రవేశించాడు. 1910లో, ఇరవై నాలుగేళ్ళ వయస్సులో, వైద్య పట్టం పుచ్చుకొన్నాడు.

అక్కడ ఆయనకు లభించిన గురువు హార్వే కుషింగ్. మెదడు శస్త్రచికిత్సను ఒక ప్రత్యేక శాస్త్రంగా తీర్చిదిద్దిన మహనీయుడు కుషింగ్. గురువు ప్రతి పనినీ నిదానంగా, అతి జాగ్రత్తగా చేసేవాడు. శిష్యుడు చురుకైనవాడు, పట్టుదల గలవాడు, తన అభిప్రాయాన్ని దాచుకోవడం తెలియనివాడు. ఇద్దరికీ పొసగలేదు. 1912లో కుషింగ్ బోస్టన్ నగరానికి తరలివెళ్ళినప్పుడు డాండీని తన వెంట తీసుకొనిపోలేదు. ఉద్యోగం లేక దిక్కుతోచని స్థితిలో పడిన ఆ యువకునికి ఆసుపత్రి పాలనాధికారి తలదాచుకొనే చోటు చూపాడు. ఆ తరువాత ప్రఖ్యాత శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ చేరదీశాడు. బోస్టన్‌కు వెళ్ళి ఉంటే డాండీ గురువు నీడలోనే ఉండిపోయేవాడేమో! తిరస్కారమే ఆయనకు స్వాతంత్ర్యమైనది.

ఆ దినాలలోనే ఆయన పిల్లల వైద్యుడైన కెనెత్ బ్లాక్‌ఫాన్‌తో కలిసి పరిశోధనకు పూనుకొన్నాడు. మన మెదడులో గదుల వంటి ఖాళీలు నాలుగు ఉన్నాయి. వాటిలో ఊరే స్వచ్ఛమైన ద్రవం సన్నని మార్గాల గుండా వెలుపలికి వచ్చి, మెదడును, వెన్నుపామును తడుపుతూ, తుదకు రక్తంలో కలుస్తుంది. పెద్దవారిలో ఇది రోజుకు సుమారు అర లీటరు ఊరుతుంది. మూడవ గదికి, నాలుగవ గదికి నడుమ ఉండే మార్గం అతి ఇరుకైనది. డాండీ, బ్లాక్‌ఫాన్‌లు ప్రయోగశాలలో కుక్కలకు ఆ మార్గాన్ని మూసి చూశారు. పై గదులు ఉబ్బిపోయాయి. పిల్లలలో కనిపించే వ్యాధే ఆ మూగజీవాలలో రూపుకట్టింది. ఆ ప్రాణుల ఋణం వైద్యశాస్త్రం తీర్చుకోలేనిది.

అటుపై రోగుల పరీక్షకు ఒక రంగుద్రవాన్ని సాధనం చేసుకొన్నారు. దానిని మెదడు గదిలోనికి ఎక్కించి, నడుము దగ్గర వెన్నునుండి తీసిన ద్రవంలో ఆ రంగు కనిపిస్తున్నదా లేదా అని చూసేవారు. కనిపించకపోతే దారి మూసుకొనిపోయినదని అర్థం. కనిపించి కూడా మూత్రంలోనికి తగినంత రాకపోతే, దారి తెరచియే ఉన్నది గాని ద్రవం రక్తంలో ఇంకడం లేదని అర్థం. ఒకే వ్యాధిగా కనిపించేది నిజానికి రెండు విధాలని ఈ విధంగా తేలింది. 1913, 1914 సంవత్సరాలలో వెలువడిన ఈ వ్యాసాలు డాండీకి కీర్తి తెచ్చాయి. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

కారణం తెలిసినంత మాత్రాన చికిత్స చేతికి రాలేదు. ద్రవాన్ని ఊరించే రక్తనాళాల గుత్తిని తొలగిస్తే నీరు తగ్గుతుందని భావించి, 1918లో ఆయన పసిపిల్లలకు ఆ శస్త్రచికిత్స చేసినట్లు ప్రకటించాడు. ఆ పిల్లలలో ఎక్కువమంది బ్రతకలేదు. ఆ సంగతిని ఆయన మరుగుపరచలేదు. చేయకపోయినా ఆ బిడ్డలకు మరణమే గతి అన్నది ఆనాటి పరిస్థితి. అయినా కత్తి పట్టిన చేతికి ఆ భారం తప్పదు.

అదే సంవత్సరం ఆయన మరొక అద్భుతాన్ని సాధించాడు. ఎక్స్‌రేలో కపాలపు ఎముక కనిపిస్తుంది. లోపలి మెత్తని మెదడు కనిపించదు. కణితి ఉన్నదని అనుమానించి కపాలం తెరిస్తే, అది అక్కడ ఉండకపోవడం తరచుగా జరిగేది. పేగుకు రంధ్రం పడిన రోగుల ఎక్స్‌రే చిత్రాలలో వెలువడిన గాలి స్పష్టంగా కనిపిస్తుంది. గాలి అక్కడ కనిపించినప్పుడు మెదడు గదులలో ఎందుకు కనిపించదని డాండీ ఆలోచించాడు. గదులలోని ద్రవాన్ని కొంత తీసి, ఆ స్థానంలో గాలి నింపి ఎక్స్‌రే తీశాడు. గదుల ఆకారం నల్లని నీడగా తేటతెల్లమైనది. ఈ పద్ధతిని మొదట పిల్లలలోనే ప్రయోగించాడు. పసివారి మాడు ఇంకా గట్టిపడనందువల్ల సూది దించడానికి ఎముకకు రంధ్రం చేయవలసిన అవసరం ఉండేది కాదు. 1919లో నడుము దగ్గరనుండి గాలి ఎక్కించే పద్ధతిని కూడా వివరించాడు. ఈ పరీక్ష బాధాకరమైనది, కొన్నిసార్లు ప్రాణాపాయకరమైనది కూడా. అయినా 1970 దశకంలో సి.టి. స్కాను వచ్చేవరకు మెదడు శస్త్రవైద్యులకు ఇదే ప్రధానమైన దారిదీపం.

గురుశిష్యుల నడుమ మాత్రం ఎడం పెరిగినదే గాని తరగలేదు. చెవి నరం మీది కణితిని పూర్తిగా తొలగించవచ్చునని 1922లో డాండీ ప్రకటించినప్పుడు, తన కృషికి తగిన గుర్తింపు ఇవ్వలేదని కుషింగ్ ఆగ్రహించాడు. ఈ తగవులో ఇద్దరిలోనూ పట్టువిడుపులు కొరవడ్డాయనడమే న్యాయం.

డాండీ ముక్కోపి. శస్త్రచికిత్స గదిలో సహాయకులు ఆయన ముందు వణికిపోయేవారు. కాని ఇవ్వలేని పేదల వద్ద రుసుము తీసుకొనేవాడు కాదని చెబుతారు. 1923లో జాన్స్ హాప్కిన్స్‌లో మెదడు శస్త్రచికిత్స జరిగిన రోగులను ప్రత్యేకంగా కనిపెట్టి ఉండడానికి మూడు పడకల విభాగం నెలకొల్పాడు. నేటి ఇంటెన్సివ్ కేర్ విభాగాలకు దానినే తొలిరూపంగా పలువురు పరిగణిస్తారు. 1937లో మెదడు ధమనిపై బుడగవలె ఉబ్బిన భాగాన్ని వెండి క్లిప్పుతో బిగించి ఒక రోగిని రక్షించాడు. 1946 ఏప్రిల్ 19న, అరవై ఏళ్ళ వయస్సులో, బాల్టిమోరులో గుండెపోటుతో మరణించాడు.

తలలో నీరు చేరిన పిల్లలకు నేడు సాధారణంగా సన్నని గొట్టం అమర్చి, ఆ ద్రవాన్ని కడుపులోనికి మళ్ళిస్తారు. కొందరికి ఎండోస్కోపుతో మూడవ గది అడుగున రంధ్రం చేస్తారు. 1922లో డాండీ ప్రతిపాదించిన మార్గానికి ఇది కొత్త రూపం. ఆయన తొలిరోజులలో తొలగించిన రక్తనాళాల గుత్తిని ఎండోస్కోపుతోనే కాల్చివేసే విధానం, ఈ శతాబ్దారంభంలో, ఆఫ్రికాలోని ఉగాండాలో మంచి ఫలితాలిచ్చింది. నాలుగవ గది తిత్తివలె ఉబ్బి, చిన్నమెదడులో కొంత భాగం ఎదగని అరుదైన పుట్టులోపాన్ని డాండీ, బ్లాక్‌ఫాన్‌లు 1914లోనే వర్ణించారు. తరువాత దానిని వివరించిన వాకర్ పేరునూ కలిపి 1954లో ఆ లోపానికి డాండీ-వాకర్ అని నామకరణం చేశారు. అప్పటికి డాండీ మరణించి ఎనిమిదేళ్ళయినది.