పుట్టిల్లు లేని ఆడపిల్లలకు తల్లి రాజ్యలక్ష్మమ్మ

కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు వినని ఊరు గోదావరి సీమలో లేదు. వితంతు వివాహాలు జరిపించిన మహనీయునిగా ఆయనను బడిపిల్లలు సైతం చెప్పుకుంటారు. అయితే పెళ్లి అన్నది ఉపన్యాసంతో అయ్యేది కాదు. దానికి నీళ్లు కావాలి, వంట కావాలి, పసుపు దంచే చేతులు కావాలి. పెళ్లయ్యాక పిల్లకు పురుడు పోయడానికి ఒక పుట్టిల్లు కావాలి. ఊరు వెలివేసిన ఇంట్లో ఆ భారాన్ని నెత్తిన వేసుకున్న ఇల్లాలు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ.

కాతేరు బాపమ్మ

రాజమహేంద్రవరం పక్కనే ఉన్న కాతేరులో 1851లో ఆమె జన్మించారు. పుట్టింటివారు పెట్టిన పేరు బాపమ్మ. 1861లో వివాహమయ్యే నాటికి ఆమెకు పదేళ్లయినా నిండలేదు. వరునికి 13 ఏళ్లు. అత్తవారింట ఆమె పేరు రాజ్యలక్ష్మిగా మారింది.

వీరేశలింగంగారికి నాలుగేళ్ల వయసులోనే తండ్రి పోయారు. తల్లి పున్నమ్మ, పెదతండ్రి వెంకటరత్నం ఆయనను పెంచారు. కోడలుగా వచ్చిన చిన్నపిల్ల ఆనాటి ఇళ్లన్నిటిలో మాదిరిగానే మడి, వంట, పూజ, పండుగ పనులు నేర్చుకుంది. చదువు మాత్రం భర్త వద్ద నేర్చుకుంది. ఆడవారికి అక్షరాలు వస్తే అరిష్టమని చెప్పుకునే కాలం అది. ఉద్యోగరీత్యా పంతులుగారు కోరంగిలోను, ధవళేశ్వరంలోను ఉన్నారు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. వివేకవర్ధని పత్రిక మొదలైనదీ ఆ ఏడే. తన ఇంట్లో చదువు చెప్పి చూసిన తర్వాతే ఆయన ఊరి ఆడపిల్లలకు బడి పెట్టారు.

నీళ్లకు కరవైన పెళ్లి

వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చునని 1856లోనే చట్టం వచ్చింది. అయినా పాతికేళ్ల పాటు తెలుగు దేశంలో ఆ సాహసం చేసినవారు లేరు. ఊహ తెలియక ముందే పెళ్లయి, కాపురానికి పోకముందే మొగుడు పోయిన పిల్లలు ఎందరో వంటింటి మూలల్లో బతుకు వెళ్లదీసేవారు. తమ ఇంటి పేరంటానికి కూడా వారు ఎదురు రాకూడదు.

చివరకు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో పంతులుగారి ఇంట తొలి వితంతు వివాహం జరిగింది. వధువు కృష్ణా జిల్లా తిరువూరు ప్రాంతం నుంచి వచ్చిన గౌరమ్మ. ఆ పిల్లకు 12 ఏళ్లు. వరుడు విశాఖపట్నం వైపు వాడైన గోగులపాటి శ్రీరాములు. అల్లర్లు జరగవచ్చునని పోలీసు బందోబస్తు పెట్టవలసి వచ్చింది. బసవరాజు గవర్రాజు వంటి యువకులు పంతులుగారికి అండగా నిలిచారు. నాలుగు రోజులకే, డిసెంబరు 15న, రెండో వివాహం జరిగింది.

పెళ్లికి వచ్చినవారిని, అక్కడ భోజనం చేసినవారిని కులం నుంచి వెలివేశారు. వంటవారు రామన్నారు. నీళ్లు మోసేవారు మానుకున్నారు. కాకినాడ వర్తక ప్రముఖులు పైడా రామకృష్ణయ్యగారు ఈ వివాహాల ఖర్చుకు పది వేల రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కానీ అంత డబ్బు ఉన్నా గోదావరి నుంచి బిందెడు నీళ్లు తెచ్చేవారు దొరకలేదు.

అప్పుడు రాజ్యలక్ష్మమ్మ బిందె ఎత్తుకున్నారు. తానే గోదావరికి పోయి నీళ్లు తెచ్చారు. తానే పొయ్యి ముందు కూర్చుని వచ్చినవారందరికీ వండి వడ్డించారు. ఇలాంటి పెళ్లికి నలుగురూ వచ్చి విస్తరి ముందు కూర్చోవడమే అసలు పరీక్ష. ఆ పూట పొయ్యి వెలగకపోతే పెళ్లి నవ్వులపాలయ్యేది.

బంధువుల ఒత్తిడి ఇంకొక వైపు. భర్తను విడిచి వచ్చేయమని సొంతవారే ఆమె వెంట పడ్డారు. ఆనాటి ఆడదానికి పుట్టింటి రాకపోకలు తెగడమంటే సామాన్యమైన సంగతి కాదు. పండుగకు పిలుపు ఉండదు. శుభానికి చీర పెట్టేవారు ఉండరు. అవన్నీ పోతాయని తెలిసే ఆమె భర్త పక్కన నిలిచారు.

పురుడు పోసిన చేతులు

పెళ్లితో కథ ముగియలేదు. తొలి కాన్పు పుట్టింట జరగాలన్నది మన ఆచారం. నెలలు నిండే ముందు సూడిదలు పెట్టాలి. తల్లి ముందుగానే శొంఠి, మిరియాలు దంచి కాయం సిద్ధం చేసి ఉంచుతుంది. వాడి మెత్తబడిన నూలు చీరలు మడతలు పెట్టి బొంత కుడుతుంది. మరో పాత చీరతో దూలానికి ఉయ్యాల కడుతుంది. బాలింతకు పథ్యం వండి పెట్టడం, బిడ్డకు నూనె పట్టించి కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం, సాంబ్రాణి పొగ వేయడం ఇవేవీ పుస్తకాల్లో నేర్చుకునేవి కావు. తల్లి చేస్తుంటే కూతురు చూసి నేర్చుకునేవి. అత్తవారింటికి తిరిగి పంపేటప్పుడు చలిమిడి, సున్నుండలతో సారె పెట్టేదీ తల్లే.

మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువుకు ఆ తల్లి దూరమైంది. కన్నతల్లికి మనసు ఉన్నా ఊరికి జడిసి గడప తొక్కనిచ్చేది కాదు. అటువంటి పిల్లలకు రాజ్యలక్ష్మమ్మగారి ఇల్లే పుట్టిల్లయింది. వారి పురుళ్లకు, పుణ్యాలకు ఆమే పెద్దదిక్కు. ఆమెకు సంతానం కలగలేదు. అయినా బాలింతరాలి పక్కన రాత్రిళ్లు మేలుకున్నారు, పసిబిడ్డలను ఎత్తుకుని ఆడించారు.

ఆ దంపతుల పూనికతో దాదాపు 40 వితంతు వివాహాలు జరిగాయి. కొత్త జంటలకు నిలువ నీడ చూపడం, జరుగుబాటు చూడడం, మాట పట్టింపులు వస్తే సర్ది చెప్పడం కూడా ఆ ఇంటి పనే. సహాయం పొందినవారిలో కొందరు తర్వాత ఎదురు తిరిగారు. అయినా మరో పిల్ల వచ్చి తలుపు తడితే ఆమె కాదనలేదు.

తర్వాతి కాలంలో పంతులుగారు మద్రాసులో కొన్నేళ్లు ఉన్నారు. వితంతువుల కోసం అక్కడ ఒక శరణాలయం నడిపారు. 1905లో రాజమహేంద్రవరంలోనూ వితంతు శరణాలయం ఏర్పడింది. పరాయి ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు అక్కడ తిని, చదువుకుని, తమ కాళ్ల మీద నిలబడే దారి చూసుకున్నారు. ఆ దంపతులు తమ ఆస్తిని హితకారిణీ సమాజానికి అప్పగించారు.

చివరి రోజులు

1910 ఆగస్టు 11న రాజ్యలక్ష్మమ్మ కన్నుమూశారు. యాభై ఏళ్ల సహచరి పోవడం పంతులుగారిని కుంగదీసింది. 1919 మే 27న ఆయన మద్రాసులో మరణించారు. దంపతుల సమాధులు రాజమహేంద్రవరంలో ఉన్నాయి. పంతులుగారి ఇంటిని కూడా స్మారకంగా కాపాడుతున్నారు. నగరానికి పని మీద వెళ్లినవారు తీరిక చేసుకుని పిల్లలకు ఆ ఇల్లు చూపించడం మంచిది.

పంతులుగారి గ్రంథాలు గ్రంథాలయాల్లో దొరుకుతాయి. రాజ్యలక్ష్మమ్మ మోసిన నీళ్లు, వండిన అన్నం, పోసిన పురుళ్లు ఏ బీరువాలోనూ ఉండవు. కానీ భర్త పోయిన ఆడపిల్లకు మరో బతుకు ఉందని ఈనాడు మన ఊళ్లలో పెద్దలే ముందుకు వచ్చి సంబంధం చూస్తున్నారంటే, అందులో ఆమె కష్టం కూడా ఉంది. అలాంటి పెళ్లి జరిగే ఇంటికి పిలవకపోయినా వెళ్లి ఒక చెయ్యి వేయడం, బాలింతను చూసి రావడం ఆ తల్లికి మనం చేయగల గౌరవం.