డాక్టర్ మిన్ చియూ లీ: ఒక వైద్యుని జీవితకథ

లూయీ పాశ్చర్, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ మొదలైన వారి పేర్లు పాఠ్యగ్రంథాల ద్వారా మన విద్యార్థులకు సుపరిచితాలు. వైద్యలోకంలో ఎంతో ప్రఖ్యాతి గల డాక్టర్ మిన్ చియూ లీ పేరు మాత్రం మన తరగతి గదులకు ఇంకా చేరవలసి ఉంది. శరీరమంతటా పాకిపోయిన క్యాన్సరు కణితిని కేవలం ఔషధంతో నయం చేయవచ్చునని మొట్టమొదట నిరూపించిన ఘనత ఆయనది. ఆ నిరూపణకు ముందుగా లభించిన ప్రతిఫలం ఉద్యోగం నుండి ఉద్వాసన; సత్కారం మరి పదిహేనేళ్ళకు గాని రాలేదు. పైగా ఆయన వాడిన మందుకు మన భీమవరంతో ఒక బాంధవ్యం ఉన్నది. అందుచేతనే ఆ మహనీయుని చరిత్రను ఈ సంచికలో మా పాఠకుల ముందుంచ దలచాము.

లీ 1919లో చైనా దేశంలో జన్మించారు. ముక్డెన్ నగరంలో వైద్యవిద్య ముగించారు. ఆ నగరాన్నే నేడు షెన్యాంగ్ అంటున్నారు. ఉన్నత విద్యకై 1947లో అమెరికా చేరుకున్నారు. రెండేళ్ళలో స్వదేశంలో రాజ్యవ్యవస్థయే తారుమారైంది. ఆయన అమెరికాలోనే నిలిచిపోయి, న్యూయార్కులోని మెమోరియల్ క్యాన్సరు ఆస్పత్రిలో పనిచేశారు.

లీ ఎదుర్కొన్న వ్యాధి ఎట్టిదో ఇక్కడ కొంత వివరించక తప్పదు. గర్భంలో శిశువును పోషించేది మాయ. దాని కణాలకు గర్భాశయపు గోడలోనికి చొచ్చుకొనిపోయే గుణం సహజంగానే ఉంటుంది. ఒక్కొక్కప్పుడు పిండం సరిగా ఏర్పడక, మాయ మాత్రం నీటిబుడగల గుత్తివలె పెరుగుతుంది. దీనినే మనవారు ముత్యాల గర్భం అంటారు. ఎంత అందమైన పేరు! ఎంత భయంకరమైన స్థితి! ముత్యాల గర్భాన్ని తొలగించిన తరువాత గాని, గర్భస్రావం తరువాత గాని, ఒక్కొక్కసారి సుఖప్రసవం అయిన తరువాత గాని, లోపల మిగిలిన మాయకణాలు క్యాన్సరుగా మారవచ్చు. దానికి కోరియోకార్సినోమా అని పేరు. ఇది అరుదైన వ్యాధి. కాని మహా వేగం గలది. రక్తప్రవాహంలో పడి ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకుతుంది. వ్యాధిగ్రస్తులు సాధారణంగా సంతానం కనే వయస్సులోని స్త్రీలే. 1950ల నాటికి గర్భాశయాన్ని తొలగించడం తప్ప వేరు చికిత్స లేదు. వ్యాధి ఒకసారి ఊపిరితిత్తులకు చేరితే ఆ శస్త్రచికిత్స వలన ఒరిగేదీ లేదు. చాలామంది ఏడాది తిరగకుండానే మరణించేవారు.

ఈ వ్యాధికి ఒక విశిష్ట లక్షణం ఉంది. మాయ స్రవించే హెచ్.సి.జి. అనే హార్మోనునే ఈ క్యాన్సరు కణాలు కూడా విడుదల చేస్తాయి. గర్భనిర్ధారణ పరీక్షలో కనిపించేది అదే. కంటికి గాని ఎక్స్‌రేకు గాని చిక్కని కణాలను కూడా ఈ హార్మోను పట్టి ఇస్తుంది. ఆ రోజులలో దానిని కొలవడం శ్రమతో కూడిన పని. రోగి మూత్రంలోని సారాన్ని చిన్న ఆడ ఎలుకలకు ఎక్కించి, వాటి శరీరంలో కలిగే మార్పును బట్టి లెక్క కట్టవలసి వచ్చేది.

ఇక మందు సంగతి. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం అనే విటమిను అవసరం. ఈ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసినది లెడర్లీ సంస్థ పరిశోధకబృందం. ఆ పరిశోధనకు నాయకుడు 1895లో భీమవరంలో జన్మించిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని స్థానాన్ని ఆక్రమించి, కణవిభజనను అడ్డగించే విరోధి పదార్థాలను కూడా ఆ బృందమే సిద్ధం చేసింది. వాటిలో ఒకటైన ఎమినోప్టెరిన్‌తో బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ చిన్నపిల్లల రక్తక్యాన్సరును కొంతకాలం అణచగలిగి, 1948లో ఆ ఫలితాలను ప్రకటించారు. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. రెండవ విరోధి పదార్థం మెథోట్రెక్సేట్. అది ఎందరు తల్లుల ప్రాణాలు నిలుపనున్నదో ఆయనకు తెలిసే అవకాశమే లేకపోయింది.

మెమోరియల్ ఆస్పత్రిలో ఉండగా లీ ఒక విషయం గమనించారు. వేరొక రకం క్యాన్సరుతో బాధపడుతున్న రోగికి ఫోలిక్ ఆమ్ల విరోధిని ఇచ్చినప్పుడు, మూత్రంలో ఈ హార్మోను పరిమాణం తగ్గిపోయింది. ఆ తగ్గుదల ఇతరులకు ఒక అంకె మాత్రమే. లీ దానిని మనస్సులో పదిలపరచుకున్నారు. 1955లో ఆయన బెథెస్డాలోని జాతీయ క్యాన్సరు సంస్థలో డాక్టర్ రాయ్ హెర్ట్స్ విభాగానికి మారారు. ఆడ పక్షుల జననాంగాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం అవసరమని హెర్ట్స్ అంతకు ముందే కనుగొన్నారు. ఇద్దరి ఆలోచనలూ ఇక్కడ ఒకటిగా కలిశాయి.

1956లో ఒక యువతిని ఆ ఆస్పత్రికి తీసుకువచ్చారు. ఊపిరితిత్తుల నిండా కణితులు, వాటినుండి రక్తస్రావం. ఆ రాత్రి గడుస్తుందన్న ఆశ వైద్యులకు లేదు. లీ ఆమెకు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. తెల్లవారేసరికి ఆమె బ్రతికే ఉన్నది. మరికొన్ని విడతల మందుతో ఎక్స్‌రేలోని మచ్చలు ఒక్కొక్కటిగా చెరిగిపోయాయి. ఇటువంటి ఫలితాలను లీ, హెర్ట్స్, స్పెన్సర్ ఆ సంవత్సరమే ప్రకటించారు.

ఇంతవరకు అందరూ సంతోషించారు. చిక్కు ఆ తరువాత వచ్చింది. కణితులు కనబడకపోయినా, హార్మోను పరీక్షలో కొద్దిపాటి అంకె మిగిలే ఉంది. లీ ఆ అంకెనే నమ్మారు. అది సున్నకు చేరేవరకు మందు ఆపరాదని పట్టుబట్టారు. మెథోట్రెక్సేట్ సామాన్యమైన మందు కాదు. నోరు పుండ్లుపడుతుంది, రక్తకణాలు క్షీణిస్తాయి, మోతాదు మించితే ప్రాణమే పోవచ్చు. చూపులకు ఆరోగ్యవంతురాలైన స్త్రీకి విషతుల్యమైన ఔషధం ఇంకా ఇవ్వడం ఏమి న్యాయమని పెద్దలు ప్రశ్నించారు. మనుషులపై ప్రయోగాలు చేస్తున్నాడన్న నింద వచ్చింది. ఆ పెద్దలను దుర్మార్గులని అనడానికి మాకు మనసొప్పదు. రోగికి హాని చేయరాదన్నది వైద్యధర్మంలో మొదటి మాట. అయినా వారు ఎక్స్‌రేను చూసి తీర్పు చెప్పారు, లీ హార్మోనును చూసి చెప్పారు; రెండింటిలో లోతుగా చూసే కన్ను ఏదో వారు విచారించలేదు. 1957లో లీ ఆ సంస్థను విడిచిపోవలసి వచ్చింది. మళ్ళీ న్యూయార్కులోని మెమోరియల్ ఆస్పత్రికే చేరారు.

వివాదాన్ని కాలమే తీర్చింది. మందు ముందుగా ఆపిన స్త్రీలలో వ్యాధి తిరగబెట్టింది. సున్న వరకు మందు పొందినవారిలో తిరిగి రాలేదు. 1961లో హెర్ట్స్ బృందం ఐదేళ్ళ అనుభవాన్ని ప్రకటించింది: వ్యాధి పాకిన 63 మంది స్త్రీలలో ఇంచుమించు సగం మందికి అది పూర్తిగా అణగిపోయింది. అంతకు ముందు వీరికి మిగిలినది నెలల ఆయుర్దాయమే అని మరువరాదు. మందుకు లొంగనివారికి ఆక్టినోమైసిన్-డి తోడైంది. లండనులోని చేరింగ్ క్రాస్ ఆస్పత్రిలో డాక్టర్ కెన్నెత్ బాగ్‌షా హార్మోను కొలతను మరింత సున్నితం చేశారు. వ్యాధి తీవ్రతకు అంకెలు వేసి, తక్కువ ప్రమాదం గలవారికి ఒక మందు, ఎక్కువ ప్రమాదం గలవారికి పలు మందుల కూర్పు అనే పద్ధతి ఏర్పరచారు. నేడు మొదటి తరగతివారు దాదాపు అందరూ కోలుకుంటున్నారు; రెండవ తరగతిలోను అత్యధికులు బ్రతుకుతున్నారు. గర్భాశయాన్ని కోల్పోకుండానే నయమై, తిరిగి బిడ్డలను కన్న తల్లులు ఎందరో.

లీ విషయానికి వస్తే, ఆయన చేదు అనుభవంతో చతికిలబడలేదు. 1960లో మెమోరియల్ ఆస్పత్రి సహచరులతో కలిసి, పురుషుల వృషణ క్యాన్సరుకు మూడు మందులను జోడించి ఇచ్చే చికిత్సను ప్రకటించారు. తరువాత పెద్దప్రేగు క్యాన్సరు శస్త్రచికిత్స చేయించుకున్నవారికి మందులిచ్చే విషయమై పరిశోధించారు. 1972లో క్యాన్సరు ఔషధచికిత్సకు గాను లాస్కర్ పురస్కారం పలువురు వైద్యులకు కలిపి ఇచ్చారు. అమెరికా వైద్యరంగంలో అదొక అత్యున్నత గౌరవం. కోరియోకార్సినోమా చికిత్సకు హెర్ట్స్‌తో పాటు లీ కూడా దానిని అందుకున్నారు.

1980లో, అరవై ఏళ్ళు దాటీ దాటకముందే, ఆయన మరణించారు. ఇప్పుడు ఈ వ్యాధికి చికిత్స చేసే వైద్యులు హార్మోను మామూలు స్థితికి వచ్చిన పిదప కూడా మరికొన్ని వారాలపాటు మందు కొనసాగిస్తారు. ఆ తరువాత చాలాకాలం పాటు రోగిని పిలిపించి అదే అంకెను పరీక్షిస్తుంటారు.